వాచీ చూపించిన ఇల్లు

చెవాయనకు చిన్నిల్లు ఉందట. ఆ సంగతి బయటపెట్టింది మనిషి కాదట, ఆయన చేతికున్న వాచీయేనట. రోజూ తెల్లవారకముందే కడ్డీ భుజాన వేసుకుని డ్యూటీకని బయల్దేరతాడట. తిన్నగా బడి వెనక వీధిలో ఎర్ర పెంకుల ఇంటికి, పాటల టీచరమ్మ దగ్గరికి పోతాడట. లోపలికి వెళ్ళగానే వాచీ విప్పి పక్కన పెట్టేస్తాడట. మనిషి ఎక్కడున్నాడో చెప్పేసే వాచీని విప్పి మరీ పెట్టాడంటే ఇంక చెప్పుకోవడానికి ఏం మిగిలింది?

"చెవి ఉన్నవాడు గొంతు ఉన్నదాన్ని వెతుక్కున్నాడమ్మా, ఈడూ జోడూ కుదిరింది," అంది మేడమీది పిన్ని. విన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. నిప్పు లేనిదే పొగ రాదని ఒకరన్నారు. ఈ రోజుల్లో నిప్పు లేకపోయినా పొగ వస్తోందని ఇంకొకరన్నారు గానీ, ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. వీధి ఈ చివర మొదలైన కబురు ఆ చివరికి చేరేసరికి చెవాయన ఆవిడకు హార్మోనియం కొనిపెట్టినట్టు కూడా తేలిపోయింది.

నేలలో నిలువెత్తు లోతున కారే నీటిబొట్టును వినగలిగే మనిషికి, తన గుమ్మం ముందు చెప్పుకునే మాట మాత్రం చెవిన పడలేదు.

ఆయన పని అదే, వినడం; చెవాయన అన్న పేరూ అందుకే వచ్చింది. నీళ్ళ ఆఫీసులో లీకులు పట్టే ఉద్యోగం. రోడ్ల కింద పైపులుంటాయి, ఎక్కడో ఒక అతుకు వదులవుతుంది, నీళ్ళు పైకి రాకుండా మట్టిలోకే పోతుంటాయి. ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియదు. అప్పుడు చెవాయనను పిలుస్తారు. ఆయన దగ్గర ఛాతీ ఎత్తు ఉక్కు కడ్డీ ఒకటుంది. దాని పైకొసన అరిగి నున్నబడ్డ చెక్క గిన్నె. కింది కొసను వాల్వు మీదో, నేల మీదో ఆనించి, గిన్నెకు కుడిచెవి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. పెద్ద లీకు గొంతు బొంగురుగా ఉంటుంది. చిన్న లీకు పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడులా సన్నగా ఉంటుంది. కరెంటు పెట్టె మూలుగు వేరు, మురుగు కాలవ గుటకలు వేరు. అన్నీ వడపోసుకుని, సుద్దముక్కతో రోడ్డు మీద ఒక గుండ్రం గీసి, "ఇక్కడ" అంటాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడడు. బండ్లు తిరిగే వేళ ఈ పని కుదరదు కనుక, ఊరు లేవకముందే ఆయన రోజు మొదలవుతుంది.

ఇంట్లోనూ ఆ చెవి ఊరుకోదు. భార్య ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని పిల్లల యూనిఫారాలూ కిటికీ తెరలూ కుడుతుంది. ఆయన వెనకగదిలో పడుకునే, "సూది మొద్దుబారింది, మార్చు," అనేవాడు. "మిషను చక్రం నూనె అడుగుతోంది," అనేవాడు. "మీరు నా మిషను మాట వింటారు గానీ నా మాట వినరు," అని ఆమె అనేది. పెళ్ళయిన కొత్తలో దానికి కోపం కలిసేది. తర్వాత్తర్వాత అది ఇంట్లో ఒక మాట అయిపోయింది, తలుపు కిర్రుమన్నట్టు.

చెవిపనివాళ్ళకు ఒక అలవాటుంది. ఒక్కొక్కరికి ఒక సొంత చుక్క ఉంటుంది. అంటే ఏదో సందులో, ఎవరూ పట్టించుకోని ఒక బుల్లి లీకు. రోడ్డు తవ్వే ఖర్చుకు తగనంత చిన్నది కనుక ఆఫీసు వదిలేసినది. పాడేవాళ్ళు శ్రుతి చూసుకున్నట్టు, వీళ్ళు అప్పుడప్పుడూ అక్కడికి పోయి చెవి చూసుకుంటారు. చెవాయనకు పని నేర్పిన పెద్దమేస్త్రి ఆయన్ను కుర్రతనంలోనే బడి వెనక సందుకు తీసుకెళ్ళి, ఎత్తయిన ఇటుక గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు.

"ఏం వినబడుతోంది?"

"ఏం లేదండీ."

"ఇంకా విను."

చాలాసేపటికి దూదిలోంచి సూది లాగినట్టు ఒక సన్నని చప్పుడు వచ్చింది.

"అది వినబడినన్నాళ్ళూ నీ కూడు నీదేరా. వినబడని రోజున కడ్డీ గోడకానించి ఇంటికి పో," అన్నాడు పెద్దమేస్త్రి. ఆ చుక్క ఏ పైపుదో, ఎవరి ఇంటిదో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. దేవుడిచ్చిన వస్తువును ఎవరింటిదని ఎవరడుగుతారు?

ఇక వాచీ సంగతి. భార్య తమ్ముడు సెలవు దొరికితే కొండలెక్కే రకం. తను కొత్త వాచీ కొనుక్కుని, పాతదాన్ని బావకు తెచ్చాడు. అది చూడటానికి వాల్వు మూతలా ఉంది. చుట్టూ మరలు, పక్కన బొత్తాలు, కప్పతోలులాంటి నల్లటి పట్టీ.

"బావా, ఇది బండ మీద పడ్డా పగలదు. నీళ్ళలో మునిగినా చావదు. ఎండ తగిలితే చాలు, దానికదే కాస్త కాస్త తిండి తింటుంది. ఆకాశంలో ఉపగ్రహాలతో మాట్లాడి నువ్వెక్కడున్నావో చెబుతుంది."

"నేనెక్కడున్నానో నాకు తెలుసు కదరా."

"నీకు తెలుసు. అక్కకు తెలియొద్దూ?"

మంచి మాటే అన్నాడు పాపం, కడుపులో ఏమీ పెట్టుకోకుండానే.

వాచీ మంచిదే. ఆ మాట చెవాయన ఎవరడిగినా చెబుతాడు. ఊరి బయట చెరువు నుంచి వచ్చే పెద్ద పైపు వెంట నడిచేటప్పుడు దాని విలువ తెలిసింది. అక్కడ ఇళ్ళు లేవు, గుర్తులు లేవు, సుద్దగీత పెడితే వాన కడిగేస్తుంది. లీకు విన్నచోట బొత్తాం నొక్కితే ఆ చోటు వాచీలో నిలిచిపోయేది. మర్నాడు తవ్వేవాళ్ళు ఫోను పట్టుకుని వచ్చి పలుగు వేస్తే చెయ్యి చాపినంత దూరంలో తడి తగిలేది. చేతికి తొడుగులున్నా, బురద ఉన్నా ఆ బొత్తాలు పలికేవి. ఒకసారి వాల్వు గుంటలో జారి పడిపోయింది. గుంట నిండా బురదనీళ్ళు. పోయిందనుకున్నారు. వారం తర్వాత నీళ్ళు తోడితే అడుగున బతికే ఉంది, ఏమీ ఎరగనట్టు టైము చూపిస్తూ. "ఇది మనకంటే మొండిది," అన్నారు తవ్వేవాళ్ళు.

కానీ ఇరుకు సందుల్లో, ఎత్తు మేడల మధ్య దానికి మతి పోయేది. ఉన్నచోట కాకుండా పక్కవీధిలో చూపేది. అక్షరాలు చీమలంత. కళ్ళజోడు పెట్టుకుంటే కడ్డీకి చెవి ఆనదు, తీస్తే వాచీ కనబడదు. పైగా అదొక అత్తగారు. నిద్ర చాల్లేదంటుంది. చాలాసేపు కదలకుండా కూర్చున్నావు, లేచి నడవమంటుంది. కదలకుండా కూర్చోవడమే ఆయన పనని దానికెవరు చెబుతారు?

మొదటి వారంలోనే పరువు తీసింది. కడ్డీకి అందని చప్పుడైతే చెవాయన నేల మీద బోర్లా పడుకుని చెవి ఆనిస్తాడు. ఆ రోజు మోకాళ్ళ మీంచి దబ్బున వాలాడు. మనిషి పడిపోయాడనుకుంది వాచీ. బాగున్నారా అని అడిగింది. ఆయన వింటున్నది భూమిని కనుక దాన్ని వినలేదు. అది ఇంటికీ బావమరిదికీ కబురు పంపేసింది. కాసేపటికి భార్య మెడలో కొలతల టేపుతోనే పరిగెత్తుకొచ్చింది. బావమరిది బండి మీద వచ్చాడు, చొక్కా తిరగేసి వేసుకుని. చూస్తే మనిషి రోడ్డు మీద పడుకుని కళ్ళు మూసుకుని చిరునవ్వుతో ఉన్నాడు, లీకు దొరికిన ఆనందంలో.

"చెవాయనా, ఇంకాసేపు అలాగే ఉండు, అంబులెన్సు కూడా వస్తుంది," అన్నారు తవ్వేవాళ్ళు.

అందరూ నవ్వారు గానీ ఆమె నవ్వలేదు. "నా ప్రాణాలు ఎక్కడికి పోయాయో మీకేం తెలుసు," అని కొంగుతో మొహం తుడుచుకుంది. తమ్ముడు ఆ కబుర్ల సంగతి ఆపేశాడు. కానీ ఆ రోజు నుంచి ఆమె ఫోనులో ఆయన తిరిగే చోటు కనబడేలా పెట్టించుకుని, మిషను పక్కన నిలబెట్టుకుంది. నీలం రంగు చుక్క ఒకటి వీధుల వెంట నడుస్తుంటే చూస్తూ కుట్టడం ఆమెకు ధైర్యంగా ఉండేది.

ఆ తర్వాత వచ్చింది అసలు తప్పు. బజారు రోడ్డులో నీళ్ళు సరిగా రావట్లేదని ఫిర్యాదు. చెవాయన వాల్వు మీద కడ్డీ ఆనించి విన్నాడు. గుర్రుమని వినబడింది, ఆగింది, మళ్ళీ గుర్రుమంది. అలాంటి చప్పుడు ఆయనెప్పుడూ వినలేదు. లోపల ఏదో పెద్ద పగులే ఉంటుందనుకుని గుండ్రం గీశాడు. తవ్వారు. పొడి మట్టి. ఇంకా తవ్వారు. పైపు కొత్త పెళ్ళికూతురిలా నిగనిగలాడుతూ కనబడింది, చెమట చుక్క లేదు. దుకాణాల వాళ్ళు గుమిగూడారు.

ఇన్‌ఛార్జి మంచివాడు. "పోనీలెండి, నేలకు కూడా ఒక్కోసారి కడుపులో గుడగుడలాడుతుంది," అన్నాడు. ఆ మంచితనమే చెవాయనకు ముల్లులా దిగింది. ఎవరైనా తిడితే తిట్టుతో పోయేది.

ఆ మర్నాడే ఇంకో వాల్వు దగ్గర కడ్డీ పట్టుకుని కూర్చుంటే మళ్ళీ అదే గుర్రు. కళ్ళు తెరిచి చూస్తే చేతికున్న వాచీ వణుకుతోంది. చాలాసేపు కదల్లేదు, లేచి నడవమంటోంది. ఆ వణుకు మణికట్టులోంచి కడ్డీలోకి, కడ్డీలోంచి చెవిలోకి వచ్చింది. చెవాయన ఒక్కడే నవ్వుకున్నాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళ చెవి, పైపుకూ మణికట్టుకూ తేడా కనిపెట్టలేకపోయిందే!

అప్పుడే ఆఫీసులో ఏటా చేసే చెవి పరీక్ష దగ్గర పడింది. పరీక్ష తప్పినవాళ్ళను స్టోరుకు పంపుతారు. ఆయన తోటివాడొకడు అలాగే పోయాడు. ఇప్పుడు పైపుల గుట్ట మధ్య కుర్చీలో కూర్చుని, ఎవరేమడిగినా "ఆఁ? ఆఁ?" అంటుంటాడు. చెవాయన అతన్ని చూసినప్పుడల్లా తల వంచుకుని పోయేవాడు. జీతం పోదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పోయేది పేరు. చెవి లేని చెవాయన అంటే ఇంక మిగిలేది ఉత్త ఆయనే.

అనుమానం తీర్చుకుందామని ఓ తెల్లవారుజామున బడి వెనక సందుకు వెళ్ళాడు. వానాకాలమంతా, ఆ తర్వాత చెరువు పైపు పనిలోనూ పడి చాలా రోజులుగా అటు రాలేదు. వాచీ మళ్ళీ వణుకుతుందేమోనని విప్పి ఇటుక గోడకున్న మేకుకు తగిలించాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

చుక్క లేదు.

కడ్డీ జరిపాడు. ఎడమచెవి పెట్టాడు. బోర్లా పడుకున్నాడు. దూరంగా పాలబండి చక్రాలు వినబడ్డాయి, బడి కప్పు మీద పావురాలు కువకువలాడాయి. చుక్క మాత్రం లేదు. పెద్దచప్పుడు వినబడటం గొప్ప కాదు, చెవుడు మొదట సన్నచప్పుడునే తినేస్తుందని పెద్దమేస్త్రి ఎప్పుడో అన్నాడు. చెవాయన చాలాసేపు అలాగే పడుకున్నాడు. గోడ మీది వాచీ ఆకాశంతో మాట్లాడుతూనే ఉంది.

తర్వాత రోజూ వెళ్ళాడు. ఈ రోజు జలుబు తగ్గింది, వినబడుతుందేమో. ఈ రోజు గాలి లేదు, వినబడుతుందేమో. డ్యూటీకి ముందు అక్కడ కూర్చునే సమయం రోజురోజుకూ పెరిగింది. చెవి మీద అనుమానం పడ్డవాడికి ఇంక దేనిమీదా అనుమానం పడే తీరిక ఉండదు. పని దగ్గర "ఇక్కడ" అనడం మానేసి "ఇక్కడేమో" అనసాగాడు. ఇంట్లో మిషను గురించి మాట్లాడటం మానేశాడు. సూది మొద్దుబారిందనిపించినా, నిజంగా విన్నానో అలవాటుకొద్దీ అనుకున్నానో అని నోరు మూసుకునేవాడు.

అది ఆమె గమనించింది. నీలం చుక్క ప్రతి తెల్లవారుజామునా ఒకేచోట ఆగిపోవడం కూడా గమనించింది. ఆ సందులో మేడలు ఎత్తు కనుక చుక్క సందులో కాక గోడ దాటి, పటంలో ఎర్ర పెంకుల కప్పు మీద కూర్చునేది. వాచీ గుండెచప్పుడు గీత కూడా గీస్తుంది. ఆ ఇంటి మీద ఉన్నంతసేపూ గీత ఉండేది కాదు. భయపడి తమ్ముణ్ణి అడిగింది.

"గుండె ఆగితే అలా ఉండదు అక్కా. వాచీ విప్పి పెడితే అలా ఉంటుంది," అన్నాడు వాడు.

సరిగ్గా అప్పుడే దిండు గలీబులు పట్టుకుని వచ్చిన మేడమీది పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. "ఆ ఎర్రకప్పు ఎవరిదో తెలుసా నీకు? పాటల టీచరమ్మది. ఒంటరి మనిషి," అంది. కుట్టమని తెచ్చిన గలీబులు గుమ్మంలోనే పడేసి మరీ వెళ్ళిపోయింది, ఊళ్ళో చెప్పుకోవాల్సిన పని ఉంది కదా.

చెవాయన భార్య ఆయన్ను అడగలేదు. అడిగితే ఆయన ఏం చెబుతాడోనని కాదు, ఏమీ చెప్పకుండా ఊరుకుంటాడేమోనని భయం. నాలుగు రోజులు మిషను తొక్కింది, కుట్టినదాన్ని విప్పింది, మళ్ళీ కుట్టింది. ఐదో రోజు ఆయన గడప దాటాక తలుపు దగ్గరికి లాగి, ఫోను చేతపట్టుకుని నీలం చుక్క వెనకాల బయల్దేరింది.

అప్పటికి చెవాయన సందులో మోకాళ్ళ మీద ఉన్నాడు. చెవి పరీక్ష ఆ రోజే. ఈ ఒక్కసారి వినబడితే చాలనుకున్నాడు. వినబడకపోతే పరీక్ష దాకా కూడా పోనక్కర్లేదు, కడ్డీ తీసుకెళ్ళి ఇన్‌ఛార్జి బల్ల మీద పెట్టేయాలి. ఊపిరి బిగబట్టాడు. గోడ మీద వాచీ, నేల మీద మనిషి, భూమి లోపల నిశ్శబ్దం.

సందు మలుపు అవతల అడుగుల చప్పుడైంది. ఒక చెప్పు టపమంటోంది, రెండోది జరజరమని ఈడుస్తోంది.

"ఎడమ చెప్పు పట్టీ మళ్ళీ తెగిందా?" అన్నాడు, తల ఎత్తకుండానే.

అడుగులు ఆగాయి. తర్వాత గబగబా వచ్చాయి. ఆమె వచ్చి ఆయన ముందు నిలబడింది. చీర అంచు నిండా తెల్లటి దుమ్ము.

"ఆవిడేది?" అంది.

"ఎవరు?"

"పాటల టీచరమ్మ."

"ఏ పాటలు?" అన్నాడు ఆయన. అడిగిన తీరులో ఎంత అమాయకత్వం ఉందంటే, ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి గొంతులో ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"మీకు చిన్నిల్లు ఉందటండీ. ఊరంతా అంటోంది. పిన్ని నాతో వస్తానంది కూడా. నువ్వొస్తే ఊరంతా వచ్చినట్టే, వద్దు పిన్నీ, అని తలుపేసి వచ్చాను. రోజూ ఇక్కడికొచ్చి వాచీ విప్పి ఏం చేస్తున్నారు మీరు?"

చెవాయన నేల వైపు చూశాడు. ఇన్ని రోజులు నోట్లో నానిన మాట బయటికి వచ్చింది.

"చుక్క వినబడట్లేదు."

"ఏ చుక్క?"

చెప్పాడు. పెద్దమేస్త్రి అన్నదీ, బజారు రోడ్డులో పొడిమట్టీ, మధ్యాహ్నం పరీక్షా, స్టోరులో కుర్చీ, అన్నీ చెప్పాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆమె చూడలేదు. ఆమె గోడకానుకుని కూర్చుంది.

"నాతో చెప్పకూడదా?"

"ఏమని చెప్పను? నీ మిషను మాట కూడా నాకు వినబడట్లేదనా?"

"మిషను మాట సరే, తెగిన చెప్పు ఏ కాలిదో వీధి మలుపులోంచే విన్నారు. మీకు చెవుడా?" అంది. "అయినా వాచీ ఆ ఇల్లు చూపిస్తోందని నేను ముందు వీధిలోకే వెళ్ళానండీ. తలుపు కొట్టి జుట్టు పట్టుకుందామనే వెళ్ళాను, దాచడమెందుకు. తలుపుంటే కదా."

"అంటే?"

"అక్కడ ఇల్లెక్కడుంది? రేకులు అడ్డం పెట్టారు. లోపల పెద్ద గొయ్యి, ఇటుకల గుట్టలు. చూడండి, దుమ్ము."

చెవాయన లేచాడు. మోకాళ్ళు పట్టేసినా లేచాడు. ఆమె తెగిన చెప్పు ఈడ్చుకుంటూ, ఆయన కడ్డీ ఊతం చేసుకుని, సందు చుట్టి ముందు వీధిలోకి వచ్చారు. రేకుల సందులోంచి చూస్తే నిజంగానే ఇల్లు లేదు. ఎప్పుడో పైనుంచి తీసిన పటంలోనే ఎర్రకప్పు, నేల మీద బావి అంత గొయ్యి. వెనకవైపు ఇటుక గోడ ఒక్కటే మిగిలింది, సందులోంచి చూసేవాళ్ళకు ఇల్లు ఉన్నట్టే అనిపించడానికి.

కాపలావాడు పళ్ళు తోముకుంటూ వచ్చాడు. "ఏం కావాలి?"

"ఈ ఇంటికి నీళ్ళు ఎటునుంచి వచ్చేవి?" అని అడిగాడు చెవాయన.

"వెనక సందులోంచి. పడగొట్టే ముందు నీళ్ళ ఆఫీసువాళ్ళే వచ్చి కోసి బిరడా కొట్టిపోయారు. పాత పైపు, అంతా తుప్పే. అడుగడుక్కీ కారేదట. నువ్వు ఆఫీసేగా, నీకు తెలియదా?"

తెలియదు. కనెక్షన్లు కోసేవాళ్ళ గది వేరు, లీకులు వినేవాళ్ళ గది వేరు. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడకు చెవులు లేవు.

చెవాయన రేకులు పట్టుకుని నిలబడ్డాడు. ఆగింది చుక్కే, తన చెవి కాదు. నీళ్ళే రాని పైపు ముందు ఇన్నాళ్ళు మోకాళ్ళు అరగదీసుకున్నాడు. సంతోషించాలో సిగ్గుపడాలో ఆయనకు తెలియలేదు. భార్య వైపు తిరిగి, "నీ మిషనులో ఎడంపక్క మర ఒకటి వదులైంది. పది రోజుల నుంచీ టికటికమంటోంది," అన్నాడు.

"పది రోజుల నుంచీ నేనూ వింటున్నాను. మీరు చెబుతారేమోనని బిగించకుండా చూస్తున్నాను," అంది ఆమె.

మధ్యాహ్నం పరీక్షలో డాక్టరమ్మ చెవుల మీద డిప్పలు పెట్టి, చప్పుడు వచ్చినప్పుడు వేలెత్తమంది. బాగా సన్నటి చప్పుళ్ళ దగ్గర వేలు ఒకటి రెండుసార్లు ఆలస్యంగా లేచింది. "వయసుకు తగ్గట్టే ఉంది. ఏటా వచ్చి చూపించుకోండి," అని సంతకం పెట్టింది. ఏదో ఒక రోజు ఆ వేలు లేవదు, అది చెవాయనకూ తెలుసు. ఆ రోజు ఇది కాదు. కడ్డీ ఇంకా ఆయన భుజం మీదే ఉంది.

వాచీని ఆయన మానేయలేదు. చెరువు పైపు వెంట అది లేకపోతే ఇప్పుడు చెయ్యి విరిగినట్టుంటుంది. బావమరిది చేత వణుకుడు ఆపించేశాడు, పటంలో చూపే చోటును మాత్రం సందుల్లో నమ్మడు. "మంచి పనివాడే, కానీ చూడనిదాన్ని కూడా చూశానంటాడు," అని తోటివాళ్ళతో అంటాడు. కొత్త చుక్క వెతుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆమెనూ వెంట తీసుకెళ్ళాడు. ఈసారి అది ఏ పైపుదో, ఎవరి ఇంటిదో ముందే కనుక్కున్నాడు. ఆమె కూడా గిన్నెకు చెవి ఆనించి, "ఏం వినబడట్లేదు," అంది. "ఇంకా విను," అన్నాడు.

వీధి మాత్రం ఓడిపోలేదు. కుట్టుమిషనమ్మ తెల్లవారుజామున వెళ్ళి నానా రభస చేసిందట, ఆ దెబ్బకు పాటల టీచరమ్మ మూటాముల్లె సర్దుకుని పోయిందట, అందుకే ఆ ఇల్లు నేలమట్టం చేశారట. మేడమీది పిన్ని గలీబులు తీసుకుపోవడానికి వచ్చి, "మంచి పని చేశావమ్మా," అని మిషను పక్కన కూర్చుని మరీ మెచ్చుకుంది. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ ఊఁ కొట్టింది.

పాటల టీచరమ్మ ఆ ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది వానలకు ముందు. ఇల్లు కూల్చింది ఆ తర్వాత. ఆవిడ అక్కడ ఉన్నన్నాళ్ళూ చెవాయన ఆ సందుకు ఎప్పుడో గానీ వెళ్ళేవాడు కాదు.